నేలకు దిగని కరెంటు

హాలియా దాటినంక, ఎడమ కాలువ మీద
పద్నాలుగో తూము కాడ
ముప్పై రెండేండ్లు ఇనుప చక్రం తిప్పిన చేతులు
లష్కర్ పీరయ్యవి.
ఆ చక్రానికి ఇప్పుడు నేను మోటారు బిగించిన.
రేకుల షెడ్డు మీద సోలారు పలక,
లోపల రెండు లారీ బ్యాటరీలు,
చెప్పుల డబ్బా అంత పెట్టెలో నా బోర్డు.

నాలుగు స్విచ్చులు. నడుమ మోటారు.
ఈ మూలకెల్లి ఆ మూలకు పారితే తలుపు లేస్తది,
ఆ మూలకెల్లి ఈ మూలకు పారితే దిగుతది.
ఒకే పక్క పైదీ కిందిదీ ఒక్కసారి తెరిచినవో, పొగే.
"మీ తాన గూడ వారబందీయేనా" అన్నడు పీరయ్య.

అన్నిటి కింద, నేలకు పోయే దారిల
ఒక రెసిస్టరు పెట్టిన. గోరంత.
పది మిల్లీ ఓములు.
పోయేటి కరెంటుకు అది అడ్డమే కాదు,
కానీ పోతూ పోతూ ఒక గుర్తు ఇడిసిపోతది:
ఎనిమిది ఆంపియర్లకు ఎనభై మిల్లీవోల్టులు.
ఇరవై రెట్లు పెంచి చదివితే
తలుపు ఎంత బరువుగ ఉందో తెలుస్తది.

పీరయ్య మాత్రం గేరుబాక్సు మీద అరచెయ్యి పెడతడు.
తేట నీళ్లయితే ఒక తీరు, బురద నీళ్లయితే ఒక తీరట.
నా స్క్రీను సున్నా అన్నప్పుడు
"ఇంకా గుంజుతుంది" అన్నడు.
నేను నవ్విన. అంకె ముందటనే ఉంది కద.
మూడు సార్లు అట్లనే అయ్యింది.
నాలుగోసారి ఆసిలోస్కోపు తెచ్చిన,
నల్లగొండ బస్సుల ఒళ్లో పెట్టుకొని, పసిపిల్లను పట్టుకున్నట్టు.

నిజమే.
స్విచ్చి మూసినంత మాత్రాన మోటారులోని కరెంటు ఆగదు.
కింది రెండు స్విచ్చుల్ల నుంచే మళ్లి
మోటారులకే పోతది. నేల దాకా దిగదు.
అది లోపల తిరిగే క్షణమూ నేను చదివే క్షణమూ
ఒక్కటే పడ్డప్పుడు
నేల దారి కాడ కావలి కూసున్న నా రెసిస్టరు
ఎవ్వరూ రాలేదని రాసుకుంటది.
లోపల ఎనిమిది ఆంపియర్లు
సుడి తిరుగుతనే ఉంటయి.

రాగి దారిని కత్తితోని తెంపిన.
రెసిస్టరును పైకి తెచ్చి మోటారు తీగల్నే అతికిన.
అక్కడ దాని రెండు కాళ్లూ
ఇరవై నాలుగు వోల్టుల ఉయ్యాల మీద ఊగుతయి.
ఊగేటి మనిషి చేతిల గిలాసు,
ఆ గిలాసుల నీళ్లు కొలవాలె.
అందుకు పనికొచ్చే చిప్పు నాలుగు వందల ఇరవై,
పైసలు నావే. బిల్లు ఇంకా పాస్ కాలేదు.

యాసంగి. మా తూము మూసే వంతు రాత్రి రెండింటికి.
తలుపు దిగుతుంది. మైనస్ ఏడు. మైనస్ ఎనిమిది.
అడుగుకు రెండు జానలుందనంగ
మైనస్ ఇరవై ఆరు.
బోర్డు తనంత తనే ఆపింది.

టార్చి పట్టుకొని దిగినం.
తలుపు కింద తుమ్మ మొద్దు,
కొట్టుకపోకుంట సైకిలు ట్యూబుతోని కడ్డీకి కట్టి ఉంది.
పీరయ్య ఆ ముడిని చానా సేపు చూసిండు.
ఎడమచేతి ముడి.
చివరి మడుల్ల ఎవరి వరి పొట్టకొచ్చిందో,
ఎవరి పొలం నెర్రెలిచ్చిందో
ఆయనకు తెల్వనిది కాదు.

"దాంట్ల ఏమేం రాసుకుంటది బిడ్డా?"
"టైము. ఆంపియర్లు."
"పేరు?"
"పేరు రాదు."

ముడి విప్పలేదు. కొడవలితోని కోసి
ట్యూబు ముక్కలను నీళ్లల్ల ఇడిసిండు.
రిజిస్టర్ల నేను
రెండూ పదకొండుకు చెత్త అడ్డం పడ్డది అని రాసిన.

తలుపు అడుగుకు ఆనింది.
స్క్రీను మీద సున్నా. ఈసారి నిఖార్సయిన సున్నా.
పీరయ్య చెయ్యి ఇంకా గేరుబాక్సు మీదనే ఉంది.
"ఆగిందా?" అని అడిగిన.
"మోటారా?" అన్నడు.
"ఆ, అది ఆగింది."